నిండుకున్నాయి

మెర్డేకా, అంటే మలయాకి స్వతంత్రం, రావడానికి ముందు ఏడాది మలక్కాలో ఎన్ని పెళ్ళిళ్ళయ్యాయో మా వీధి కోవిల్లోని పిళ్ళయారుకే, అదే మన వినాయకుడికే, తెలియాలి. ముహూర్తం ఉందంటే చాలు, కోవిల వాకిట్లో పందిరి లేచేది. పెళ్ళిళ్ళు చేసుకున్నది ఊరివాళ్ళు కాదు. జొహోర్ సరిహద్దు అవతల రబ్బరు తోటల్లో పాలుగీసే మనవాళ్ళు. ఆ తోటల చుట్టూ ముళ్ళకంచె, కంచెకి గేటు, గేటు దగ్గర తుపాకులు. అడవిలో ఉన్న కమ్యూనిస్టులకి గింజ అందకూడదని సర్కారు అక్కడ బియ్యం అమ్మకమే ఆపేసింది. తోటంతటికీ ఒకేచోట వండించి, పొగలు కక్కే అన్నం కొలిచి ఇచ్చేవారు. అన్నమైతే మర్నాటికి పాచిపోతుంది, అడవి దాకా చేరదు. దొరల తెలివి బాగానే ఉంది. మరి తలంబ్రాలకి ఏం పొయ్యాలి, మెతుకులా? అందుకని పిల్లనీ పిల్లవాణ్ణీ నలుగురు పెద్దల్నీ లారీలో ఎక్కించుకుని, బియ్యానికి కట్టడి లేని మా మలక్కాకి వచ్చేవారు.

మా ఆయన తిమ్మయ్య బేచా తొక్కేవాడు. మొగుణ్ణి పేరు పెట్టి చెబుతోందేమిటని ముక్కున వేలేసుకోకండి. ఆ సిగ్గు వదిలించింది ఆయనే. బేచా అంటే మూడు చక్రాల సైకిలు రిక్షా. మా ఊరి బేచాలో తొక్కేవాడు ముందూ ఉండడు, వెనకా ఉండడు, ఎక్కినవాళ్ళ పక్కనే ఉంటాడు. కొత్త జంటకి అంతకంటే నరకం ఉందా? పక్కన ఓ పెద్దమనిషి రొప్పుతూ తొక్కుతుంటే ఏం మాట్లాడుకుంటారు? అందుకని ఈయన వాళ్ళవైపు భుజం మీంచి తుండుగుడ్డ ఒకటి వేలాడేసేవాడు. "ఇదిగో, తెర కట్టీసినాను. ఇక నాకు సెవుడూ, గుడ్డీ రెండూను" అనేవాడు. ఆ తుండు ఏపాటి తెర? అయినా వాళ్ళకి కాస్త ధైర్యం వచ్చేది.

లారీ తిరిగి బయల్దేరేలోపు జంటని ఎక్కించుకుని ఊరంతా చూపించడం ఆయన పెట్టిన ఆనవాయితీ. ఎర్రభవనం, దాని గడియారం, ఏటి మీద వంతెన, కొండ మీద కప్పులేని చర్చి, ఆపైన సముద్రం. చూపించేది తక్కువ, చెప్పేది ఎక్కువ. చరిత్ర ఆయనకేం తెలుసు, నా మొహం! పోర్చుగీసు కోటలోకి బొబ్బిలి రాణుల్ని తెచ్చి కూర్చోబెట్టేవాడు. డచ్చి దొర కూతురు మలాయి జాలరిని వలచి, తండ్రికి భయపడి ఆ గడియారం వెనకాల దాక్కునేదని ఒక కథ. ఒక్కో జంటకి ఒక్కోలా ముగిసేది. "నిన్న చచ్చిపోయిన దొరకూతురికి ఇవాళ పెళ్ళెలా అయిందయ్యా?" అని నేను నిలదీస్తే, "ఇయాల్టి పిల్ల మొగం సూసినావా? ఏడుపు గొంతులోనే ఉన్నాది. సావు కత సెబితే బేచాలో సెరువైపోద్ది" అనేవాడు.

నా పూలబుట్ట పాత కోటగుమ్మం దగ్గర. బేచా అక్కడికొచ్చి ఆగిపోయేది. "బండి కదల్దు. ఈ గుమ్మం దాటాలంటే మన ఇళ్ళల్లో లాగే పేర్లు సెప్పాల" అనేవాడు. పెళ్ళికొడుకు గబుక్కున చెప్పేసేవాడు. పిల్ల మాత్రం చచ్చినా నోరు విప్పేది కాదు. అప్పుడు నావైపు తిరిగి, "రత్నావతీ, నీ మొగుడి పేరేటే?" అని కేకేసేవాడు. నేను నడిబజారులో "తిమ్మయ్య!" అని అరవాలి. మొదట్లో సిగ్గుతో చచ్చాను. పోనుపోను చేపలమ్మేదానికి మించిపోయాను. నా అరుపుకి వాళ్ళు పకపకా నవ్వేవారు, ఆ నవ్వులో పిల్ల నోటెంట పేరు జారేది. పీటల మీద ఒకరి గొంతు ఒకరు ఎరగనివాళ్ళు, లారీ ఎక్కే వేళకి పక్కపక్కన నించుని గుసగుసలాడుకునేవారు. అది చూడ్డానికే మా ఆయన అంత ఎండలో తొక్కేవాడని నా నమ్మకం.

తలంబ్రాల బియ్యం మా ఇంట్లోంచే వెళ్ళేవి. పెళ్ళయ్యాక గింజలు దులపడం నా వంతు. పిల్ల జడ విప్పి దువ్వి, కుచ్చిళ్ళు విదిలించి, రవికలో కూడా తడిమి చూసేదాన్ని. గేటు దగ్గర ఒంటిమీద బియ్యం దొరికితే కొత్త పెళ్ళికూతురని చూడరు. ఆ సంగతి అందరికీ తెలిసిందే.

పుష్పవల్లి పెళ్ళి ఫాల్గుణ మాసంలో అయింది. సన్నగా రివటలా ఉండేది, మాట మాత్రం చురుకు. పెళ్ళికొడుకు గోవిందన్‌ది కూడా ఆ పిల్ల ఉన్న తోటే. కోటగుమ్మం దగ్గర మా ఆయన బేచా ఆపాడో లేదో, "గోవిందన్!" అనేసింది.

మా ఆయన తెల్లబోయాడు. "ఓలమ్మ! నాను అడగనే లేదు, అప్పుడే సెప్పీసినావేటి?"

"మా మామ్మ సెప్పమన్నాది, మామా. ఎలాగా సెప్పాలట, బెట్టు సేస్తే నీకు కాళ్ళు నొప్పట."

"మీ మామ్మకి నా సంగతి తెలుసా?"

"తోటంతా తెలుసు! నీ బేచా ఎక్కనిదే పెళ్ళి పెళ్ళి కాదంటారు."

ఆయన మీసం కింద నవ్వుకున్నాడు. "మరి మామ్మ రాలేదేటి?"

"మంచం మీంచి లేవలేదు. నన్ను పెంచింది మామ్మే. పెళ్ళి సూడలేకపోయినానని నిన్నంతా ఏడ్సినాది" అని పిల్ల తల దించుకుంది. గోవిందన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మా ఆయన తుండు సర్దుకుని, ఆవేళ దొరకూతురికి పెళ్ళి చేసి పిల్లల్ని కూడా పుట్టించాడు.

నేను దులిపేశాక ఆ పిల్ల మళ్ళీ పళ్ళెం దగ్గరికెళ్ళి పిడికెడు అక్షింతలు కొంగున ముడేసుకుందని తర్వాత తెలిసింది. మామ్మ చేత నెత్తిన వేయించుకోవాలని. గేటు దగ్గర సోదా చేసే ఆడమనిషి "బ్రాస్ ఉందా?" అని మలాయిలో బియ్యం సంగతి అడిగితే, లేదంది. అది అబద్ధమంటే నేను ఒప్పుకోను. పసుపు రాసిన అక్షింతల్ని బియ్యమని మనలో ఎవరంటారు? కానీ ముడి విప్పితే రాలినవి బియ్యమే. పైగా లేదని బొంకిందన్నారు. ఎక్కడివంటే, మలక్కాలో తిమ్మయ్య మామ ఇంటివంది.

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే నేను వీధి కుళాయికి వెళ్ళాను. నీళ్ళబిందె చంకనేసుకుని తిరిగొచ్చేసరికి ఇంటిముందు పోలీసు లారీ. మా ఆయన చేతులకి బేడీలు. బేచా మెత్త చీరేసి, కొబ్బరిపీచు రోడ్డంతా పరిచారు. ఆయన మలాయి పోలీసులకి "కోసోంగ్, కోసోంగ్" అని మొత్తుకుంటున్నాడు. ఖాళీ అని. బియ్యం కుండ ఖాళీ అని చెబుతున్నాడని నాకు అర్థమైంది. ఖాళీయే మరి. ముందురోజు తలంబ్రాలకి, పెళ్ళి భోజనాలకి ఊడ్చిపెట్టి ఇచ్చేశాం.

లోపల మా అత్త వెంకమ్మ బోదకాలు చాపుకుని పొయ్యి పక్కన కూర్చుని ఉంది. ఆవిడకి మలాయి రాదు, అరవం అంతంతమాత్రం. శ్రీకాకుళం నుంచి తెచ్చుకున్న తెలుగే తప్ప మరో మాట పలకదు. అది కనుక్కునే పోలీసు దొర వెంట దుబాసీని తెచ్చుకున్నాడు. ఫ్రాన్సిస్ అని, క్లాంగ్‌లో తోట గుమస్తా కొడుకు, మన తెలుగు కిరస్తానీ కుర్రాడే. ఇంగ్లీషు బడిలో చదివాడు. ఇంట్లో అమ్మ తెలుగులో తిడితే ఇంగ్లీషులో బదులు చెప్పే రకం.

దొర అడిగాడట, ఇంట్లో బియ్యం ఉన్నాయా అని. వీడు తెలుగులో అడిగాడు. పొద్దున్నపూట, అందులోనూ శుక్రవారం, కుండలో బియ్యం లేవని ఏ ఇల్లాలు నోటితో అంటుంది?

"నిండుకున్నాయి బాబూ" అంది మా అత్త.

వీడు దొరవైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పాడు. దొర కుండ మూత తీశాడు. అడుగున తవుడు కూడా లేదు.

నేను గుమ్మంలోకి వచ్చేసరికి పోలీసులు పొయ్యిగడ్డ తవ్వుతున్నారు. ఒకడు కుండ ఎత్తి తల్లకిందులు చేయబోతే మా అత్త గుండెలు బాదుకుంది. "బోర్లించకు నాయినా! నీకు పున్నెముంటాది, బోర్లించకు!" బియ్యం కుండ బోర్లిస్తే ఇంటికి అరిష్టమని ఆవిడ భయం. దాని కింద ఏదో ఉందని వాళ్ళ అనుమానం. బోర్లించారు, ఆ కిందనున్న నేల కూడా తవ్వారు.

"ఏమీ లేవు, అన్నీ పెళ్ళికి వెళ్ళిపోయాయి" అని నేను అరవంలో, మలాయిలో, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో చెప్పాను. దొర నన్ను చూసి తల పంకించాడు, అంతే. తల్లి నిండుగా ఉన్నాయంది. కొడుకు ఖాళీ అంటున్నాడు. కుండలో గింజ లేదు. ఉన్నవన్నీ ఎటుపోయాయి? అడవి పక్క తోటల నుంచి జంటల్ని రప్పించి బేచాలో తిప్పుతున్నాడు, ఎందుకు? ఆయన లెక్క ఆయనకి కుదిరింది. మా ఆయన్ని లారీ ఎక్కించారు.

ఆరోజు నాకు ఇవేవీ తెలియవు. ఒక పిడికెడు అక్షింతలకి మహా అయితే జరిమానా వేస్తారు, సాయంత్రానికి ఇంటికొస్తాడు అనుకున్నాను. నా పిచ్చి గానీ.

కొన్నాళ్ళకి ఫ్రాన్సిస్ కోటగుమ్మం దగ్గరికి వచ్చాడు. యూనిఫారం లేదు. పూలు కొంటాడేమో అనుకున్నాను.

"అక్కా, నిండుకున్నాయి అంటే ఏటి?"

"అయిపోయాయని. ఏం?"

వాడి మొహం పాలిపోయింది. "మా అమ్మ కూడా అదే సెప్పినాది. తలమీద మొట్టినాది. నాను... నాను దొరకి ఫుల్ అని సెప్పీసినాను, అక్కా. నిండు అంటే ఫుల్ కదా. బాల్టీ నిండినాది అంటే ఫుల్ కదా!"

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో ఉన్న మల్లెచెండు వాడి మొహాన కొట్టాను. "నీ నాలిక తెగ! తల్లి మాట రానివాడివి తెలుగు దుబాసీనని ఎలా చేరావురా?"

వాడు కదల్లేదు. కళ్ళనీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. "తప్పు సెప్పినానని దొర దగ్గరికెల్లి సెప్పినాను. పొరపాటు రాసుకోమన్నాను. దొర నవ్వినాడు. ఏ భాషలోనైనా నిండు అంటే ఖాళీ అవుతాదా, నీకు వాళ్ళు ఏటి ఇచ్చినారు అని అడిగినాడు."

వాడి మీద కోపం అప్పటికి చల్లారలేదు. అయినా వాడు వెళ్ళి చెప్పాడు. తన ఉద్యోగం మీదికి వస్తుందని తెలిసీ చెప్పాడు. అది మరిచిపోవడం న్యాయం కాదు.

ఇంటికొచ్చి అత్తకి చెప్పాను. దాచుంటే బాగుండేదేమో, నా కడుపులో అది నిలవలేదు. ఆవిడ పొయ్యివంక చూసింది. "మా అమ్మ అలాగే అనేది. ఆళ్ళమ్మ కూడా అలాగే అనేది. మంచిమాటే కదే అన్నాను" అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది.

ఆనాటి నుంచి మా ఇంట్లో మంచిమాట పోయింది. ఉప్పు నిండుకుంటే "ఉప్పు లేదు" అని వీధిలోకి వినపడేలా అరిచేది. దీపం కొండెక్కిందనేది కాదు, "సచ్చింది" అనేది. నా గాజు చిట్లితే మనం పెరిగిందంటాం కదా, "ఇరిగిపోనాది, ఇరిగిపోనాదని సెప్పు" అని నా చేత చెప్పించేది. దినుసుల కొట్టు పళనిసామి భార్య చెవులు మూసుకుని, "అయ్యో పెద్దమ్మా, సాయంత్రం పూట ఏం మాటలివి?" అంటే, "ఉన్నది ఉన్నట్టు అంటున్నానమ్మా. ఎవడికీ దుబాసీ అక్కర్లేదు" అనేది. ఆ ఇంట్లో నాకు ఊపిరాడేది కాదు.

పుష్పవల్లికి జైలు పడింది. మామ్మ చివరిచూపుకి కూడా వదల్లేదట. గోవిందన్ ఒక్కసారి మా గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత తోటల నుంచి పెళ్ళి లారీలు రావడం మానేశాయి.

మా ఆయన్ని నిర్బంధ శిబిరంలో పెట్టారు. నెలకోసారి కంచె ఇవతల నించుని చూసేదాన్ని. చిక్కిపోయాడు, మాట మాత్రం అదే. "ఇక్కడ కూడా దొరకూతురి కత సెబుతున్నాను, రత్నా. సీనావోళ్ళకి మరీ ఇష్టం. ముగింపు రోజుకొకటి మారుత్తాది" అనేవాడు. నవ్వించాలని చూసేవాడు. నేను నవ్వేదాన్ని, బస్సెక్కాక ఏడ్చేదాన్ని.

మెర్డేకా రోజు దగ్గరపడింది. ఊళ్ళో ఏ ఇద్దరు కలిసినా అదే మాట. స్వతంత్రం రాగానే శిబిరాల తలుపులు తీసేస్తారని, తెల్లదొర వేసిన కేసులన్నీ తెల్లదొరతోనే పోతాయని. బేచా తొక్కే పకీరిసామి మా ఆయన బండికి కొత్త మెత్త కుట్టించి, జెండాలు కట్టి తెచ్చి మా వాకిట్లో పెట్టాడు. "అన్న రాగానే తొక్కాలి కదా, అక్కా" అన్నాడు. మెర్డేకా రాత్రి మైదానంలో "మెర్డేకా! మెర్డేకా!" అని వేల గొంతులు అరుస్తుంటే మా ఇంటిదాకా వినిపించింది. నేనూ వాకిట్లో నించుని అరిచాను. నిజంగానే సంతోషంతో అరిచాను.

తలుపులు తీశారు, కొందరికి. ఇక్కడ పుట్టినవాళ్ళకి. మా ఆయన తల్లి చంకలో ఓడెక్కి వచ్చినవాడు. ఈ దేశం వాడు కాదు గనక పుట్టిన దేశానికి పంపేస్తున్నామని హుకుం వచ్చింది. ఆ దేశంలో ఆయనకి ఎవరున్నారు? ఏ ఊరో పేరు తెలుసు తప్ప దారి తెలియదు.

"నేనూ వస్తాను" అన్నాను కంచె పట్టుకుని.

"అమ్మనేటి సేత్తావు? బోదకాలు మనిషిని ఓడ డాక్టరు ఎక్కనివ్వడు. ఎక్కనిచ్చినా దారిలోనే పోతాది."

"అయితే నన్నేం చెయ్యమంటావు?"

ఆయన నా వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి అలాగే నించున్నాడు. ఇద్దరిలో ఒకరి దగ్గర నేను ఉండాలి. ఎవరి దగ్గరో ఇద్దరికీ తెలుసు. ఆ క్షణంలో మా అత్త మీద నాకు కలిగిన కోపం ఎవరికీ చెప్పుకునేది కాదు.

పోర్ట్ స్వెటెన్‌హామ్ రేవులో, ఇప్పుడు పోర్ట్ క్లాంగ్ అంటున్నారు, మెర్డేకా తోరణాలు ఇంకా దించలేదు. పకీరిసామి ఎవరినో బతిమాలి లారీ తెచ్చి మా అత్తని మోసుకొచ్చాడు. ఓడెక్కేవాళ్ళని వరసగా నించోబెట్టారు. ఖైదీలు తమవాళ్ళతో ఏం మాట్లాడినా దొరకి చెప్పాలి గనక ఫ్రాన్సిస్ కూడా ఉన్నాడు. మెర్డేకా వచ్చినా మారలేదు, ఆ దొరే, ఈ దుబాసీయే.

మా ఆయన వంగి తల్లి కాళ్ళు ముట్టుకున్నాడు. ఆ వాచిన కాలి మీద తల ఆన్చి కాసేపు లేవలేదు. లేచాక నావైపు చూశాడు, తర్వాత ఆవిడవైపు చూశాడు.

"ఎల్లొత్తానమ్మా" అన్నాడు.

దొర ఏదో అడిగాడు. ఫ్రాన్సిస్ ఈసారి తొందరపడలేదు. మా ముగ్గురి మొహాలూ చూసి, ఆలోచించి, నెమ్మదిగా చెప్పాడు. దొర తల ఊపాడు. పోలీసు మా ఆయన భుజం మీద చెయ్యి వేసి ముందుకి నడిపించాడు. ఆయన మెట్లెక్కుతూ వెనక్కి చూశాడు గానీ జనంలో మేము కనపడ్డామో లేదో.

"ఏటి సెప్పినావురా దొరకి?" అంది మా అత్త.

"సరిగ్గా సెప్పినాను, అవ్వా. అమ్మని అడిగి అన్నీ నేర్సుకున్నాను. పోతున్నానని అన్నాడని సెప్పినాను. ఎల్లొస్తానంటే అదే కదా."

మా అత్త వాడి చొక్కా పట్టుకుంది. "తప్పు సెప్పినావు. నా కొడుకు పోతాననలేదు. ఒస్తానన్నాడు. ఎల్లి సెప్పు. ఒస్తానన్నాడని రాసుకోమను."

"అవ్వా, అది ఊరికే అనే మాట..."

"ఎల్లి సెప్పరా!"

వాడు నావైపు చూశాడు. వద్దని తల తిప్పాల్సింది నేనే. తిప్పలేదు. ఆ మాట ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు రాసుకుంటే బాగుండునని నాకూ అనిపించింది.

వాడు దొర దగ్గరికి వెళ్ళి నించున్నాడు. చేతులు తిప్పుతూ ఏదో వివరించాడు. దొర విసుక్కోలేదు, వాడివైపు సూటిగా చూస్తూ నాలుగు మాటలన్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఫ్రాన్సిస్ నేలచూపులు చూస్తూ వచ్చాడు.

"ఏటన్నాడు?" అంది మా అత్త.

"సరే అన్నాడవ్వా. రాసుకున్నాడు."

"అదీ" అని ఆవిడ వాడి చొక్కా వదిలేసింది, నలిగినచోట చేత్తో సర్దింది కూడా.

దొర మాట వినపడనంత దూరంలో నేను లేను. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో 'నెవర్' అనేది ఒకటి.